గడప ఎక్కని గోదారి

ఉట్నూర్
2 సెప్టెంబరు 1986

అన్నకు, వదినకు తమ్ముడు దశరథం శనార్తులు.

నువ్వు రాసిన కార్డు నిన్న అందింది. "గోదారి బాగా వచ్చింది. మన గడప ఎక్కలేదు. ఫికర్ చెయ్యకు" అని మూడే మాటలు. అవి చదివి నీ మరదలు దేవుడి దగ్గర దీపం పెట్టింది. పదిహేను రోజులుగా రేడియోలో వరద వార్తలు వింటూ ఇద్దరం అన్నం సరిగా తినలేదు.

ఇంత జరిగినా తమ్ముడు రాలేదేమని అనుకొని ఉంటావు. ఆగస్టు తొమ్మిదిన నార్నూర్ నుంచి వస్తుంటే, అడ్డొచ్చిన ఎద్దును తప్పించబోయి మేమెక్కిన జీపు లోయలో పడింది. నా కుడి తొడ ఎముక విరిగింది. నడుము దాకా పిండికట్టు వేశారు. మూడు నెలలు మంచం దిగవద్దన్నారు. మీరు పరేషాన్ అవుతారని రాయలేదు.

పడుకొని పడుకొని విసుగొచ్చి ఒక పని పెట్టుకున్నాను. ఆదిలాబాద్‌లో కొందరు పంతుళ్లు కలిసి జిల్లాలోని పాత ఇళ్ల మీద ఒక సంచిక వేస్తున్నారు. మన పాతరేవు బంగ్లా గురించి నన్ను రాయమన్నారు. చేపల వ్యాపారి కట్టిన ఇల్లు గోదారి ఒడ్డున డెబ్భై ఏళ్లకు పైగా నిలబడి ఉండటం చెన్నూరు చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు.

నాకు తెలిసింది కొంచెమే. సిద్దిరాములు తాత మొదట ఒడ్డునే గుడిసె వేసుకొని, చేపలు కొని ఎండబెట్టి బండ్ల మీద పంపేవాడు. ఒక వరదలో ఆ గుడిసెతో పాటు ఆయన తల్లి, ఇద్దరు చెల్లెళ్లు కొట్టుకుపోయారు. ఆ తర్వాతే దిబ్బ పోయించి, దాని మీద పన్నెండు మెట్ల ఎత్తున బంగ్లా కట్టాడు. ఏ ఏడు కట్టాడో, రాయి ఎక్కడిదో, కలప ఎక్కడిదో నాకు తెలియదు. నువ్వు రాయి. బుచ్చవ్వను కూడా అడుగు. ఆమె తండ్రి ఆ రాళ్లు మోసినవాడు. ఈ ఇంటి కథంతా నాకు చిన్నప్పుడు చెప్పింది ఆమే. చేపల తట్ట దించి మన మెట్ల మీద కూర్చుంటే ఒక పట్టాన లేచేది కాదు. ఆమె కొడుకు అంతయ్యకూ నీకూ మాటల్లేవని తెలుసు. ముసలమ్మతో నీకు పంచాయితీ లేదు కదా.

వదిన మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందో రాయి.

నీ తమ్ముడు
దశరథం


పాతరేవు
21 సెప్టెంబరు 1986

తమ్ముడు దశరథానికి, మరదలికి అన్న భూమన్న దీవెనలు.

కాలు విరిగిన సంగతి ఇన్నాళ్లు దాచావు. తొడ ఎముక అతకడానికి టైం పడుతుంది. తొందరపడి లేవకు. నా చదువు ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా. నా తెలుగు రాత నీకు తెలిసిందే. తప్పులు దిద్దుకో.

అడిగినవి రాస్తున్నా. పెద్ద తలుపు మీద ఉర్దూ అంకెల్లో ఫసలీ 1322 అని చెక్కి ఉంది. అది నైజాం లెక్క. ఇంగ్లీషు లెక్కలో 1912 అవుతుంది. టేకు సిరోంచ అడవిది. దుంగలు తెప్పలుగా కట్టి ప్రాణహితలో వదిలితే సంగమం దగ్గర పట్టుకొని బండ్ల మీద ఇక్కడికి తెచ్చేవారు. రాయి గుట్టది. సున్నం ఇక్కడే గానుగ పట్టారు. కింద నాలుగు అర్రలు, వెనక చేపలు ఆరబోసే రాతి చపటా, పైన వలలు, తాళ్లు పెట్టే పొడుగాటి మేడ. మంచిర్యాలకు రైలు వచ్చాక బాపు ఐసు పెట్టెల్లో వాలుగ చేపలను కలకత్తా దాకా పంపాడు. ఇవి చాలు.

బుచ్చవ్వ ఇక్కడ లేదు. మీ వదిన సిరోంచలో వాళ్ల అన్నగారింటికి పోయింది. నేనే వండుకుంటున్నా.

నీళ్లు తీసిన తర్వాత రేవంతా ఒండ్రు. ఆ వాసన ఇంకా పోలేదు. వేరే పని లేక రోజూ మెట్లు కడుగుతున్నా.

యాభై మూడు వరదలో బాపు చేసిన పని రాయకు. అది అందరికీ తెలిసిన పాత ముచ్చటే.

భూమన్న


ఉట్నూర్
12 అక్టోబరు 1986

అన్నకు శనార్తులు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. అన్నీ రాసి, అసలుది రాయకు అంటావు. యాభై మూడు వరద లేకుండా బంగ్లా కథ ఏముంటుంది? నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ ఆరు రోజులు నా కళ్ల ముందే ఉన్నాయి. ఇట్లా రాశాను, చూడు:

"1953 ఆగస్టులో గోదావరి పొంగి పాతరేవు గుడిసెలన్నీ మునిగినప్పుడు, సిద్దిరాములు కొడుకు బంగ్లా తలుపు రెండు రెక్కలూ తెరిపించి, తాను నడుములోతు నీళ్లలో మెట్ల కింద నిలబడి, పిల్లలను ఒక్కొక్కరినే పైకి అందించాడు. నూట ఇరవై మంది ఆరు రోజులు మేడ మీద ఉన్నారు. ఇంట్లోని జొన్నలన్నీ గట్కకే అయిపోయాయి. ఆ మేడ మీదే వలల నడుమ ఒక ఆడపిల్ల పుట్టింది. కట్టిన నాటి నుంచి నేటి దాకా ఈ ఇంటి తలుపు ఏ వరదలోనూ మూసుకోలేదు."

చివరి వాక్యం బాగా కుదిరిందని నీ మరదలు అంది. ఈసారి వరదలో మన మేడ మీద ఎందరున్నారో రాస్తే అది కూడా కలుపుతాను.

బుచ్చవ్వ సిరోంచలో కూతురింటికి పోయి ఉంటుంది. గుడిసె కూలిపోతే ఆ ఒండ్రులో ముసలమ్మ ఎట్లా ఉంటుంది? వదిన కూడా అక్కడే ఉంది కనుక, ఇద్దరూ కలిస్తే పాత సంగతులు అడిగి రాయించమని వదినకు చెప్పు. పోయిన ఏడు నదిలో చేపలు పట్టే గుత్త నీ చేతిలోంచి అంతయ్య వాళ్ల సంఘానికి పోయిందని నీకు కష్టంగా ఉందని తెలుసు. డెబ్భై ఏళ్లు మనమే తిన్నాం, ఇక వాళ్లను తిననీ అన్నా.

నా ఎముక వంకరగా అతుకుతున్నదట. మళ్లీ విప్పి కట్టారు. ఇంకో నాలుగు నెలలు ఇంతే. ఇక్కడ జొన్న చేలు ఎదిగాయి. పక్కింటి గోండు ముసలాయన పొద్దున్నే వచ్చి నా మంచం పక్కన కూర్చుంటాడు. ఆయన మాట నాకు సగమే అర్థమవుతుంది. అయినా పొద్దుపోతుంది.

నీ తమ్ముడు
దశరథం


పాతరేవు
3 నవంబరు 1986

తమ్మీ,

ఆ చివరి వాక్యం తీసెయ్యి. వీలైతే మొత్తమే పంపకు.

కాలు జాగ్రత్త.

భూమన్న


ఉట్నూర్
24 నవంబరు 1986

అన్నకు,

ఈ ఉత్తరం కోపంలో రాస్తున్నాను. ముందే చెబుతున్నాను.

చెన్నూరు నుంచి దేవదాస్ అని ఒక లారీ డ్రైవరు ఇక్కడికి వచ్చాడు. మాటల్లో పాతరేవు పేరు వచ్చింది. "గా చేపల బంగ్లానా? దాన్ని ఇప్పుతుండ్రు గదా. మేడ మీది టేకు మొగురాలు, దూలాలన్నీ దించిండ్రు" అన్నాడు. నేను నమ్మలేదు. అతడు ఒట్టు పెట్టి చెప్పాడు.

నన్ను ఎందుకు రాయవద్దన్నావో ఇప్పుడు తెలిసింది. ఇల్లు పేరుకెక్కితే విప్పి అమ్ముకోవడం కష్టం. వదిన పుట్టింటికి ఎందుకు పోయిందో కూడా తెలిసింది. ఆమె వద్దన్నదేమో. నాకు ఒక్క మాట రాయాలని నీకు అనిపించలేదు. ఆ ఇంట్లో నేనూ పుట్టాను. మంచం మీద పడి ఉన్నాడు, ఏం చేస్తాడులే అనుకున్నావా?

గుత్త పోయిన ఉక్రోషం తాత కట్టిన ఇంటి మీద తీర్చుకుంటున్నావు. బాపు ఉంటే నీ ముఖం చూసేవాడా? నీళ్లలో నిలబడి పరాయి పిల్లలను మోసిన మనిషి ఆయన. నువ్వు ఆయన కడుపున పుట్టావంటే ఎవరైనా నమ్ముతారా?

ఆదిలాబాద్‌లో వకీలుకు రాశాను. నీకు నోటీసు వస్తుంది. ఆ లోపల పని ఆపించు.

దశరథం


పాతరేవు
9 డిసెంబరు 1986

తమ్మీ,

నోటీసు వచ్చింది. దస్తఖతు పెట్టి తీసుకున్నా.

సగం ఇల్లు నీది. నిన్ను అడగకపోవడం నా తప్పే. అమ్మడం లేదు. చెన్నూరు సడక్ పక్కన ఎత్తు మీద సర్కారు జాగా ఉంది. వరదలో గుడిసెలు పోయినవాళ్లకు అక్కడ జాగాలు ఇస్తున్నారు. నలభై ఇళ్లకు పునాదులు కావాలి. మన రాయి, కలప దానికి సరిపోతాయని లెక్కేసి విప్పించడం మొదలుపెట్టా. ముందు మేడ విప్పా. దర్వాజా రెక్కలు రెండూ తీయించా. నేను కింద అర్రలోనే ఉంటున్నా. చలి ఉంది, కానీ ఇబ్బంది లేదు.

బండ్ల మీద రాయి తీసుకుపోయి అక్కడ కుప్ప పోయించా. నెల అయింది. ఒక్కరూ ఒక్క రాయి ముట్టలేదు. పక్కనే మట్టి తవ్వి ఇటుకలు చేసుకుంటున్నారు. నన్ను చూస్తే పని ఆపి నిలబడతారు. నేను పోయేదాకా ఎవరూ మాట్లాడరు.

ఏ గోడ నీకు కావాలో రాయి. దాన్ని ముట్టుకోను.

బాపు గురించి నువ్వు రాసింది నిజమే. అంతకన్నా ఏం రాయాలో నాకు చేతకావడం లేదు. మీ వదినను అడుగు. ఆమె చెబితే చెబుతుంది.

భూమన్న


ఉట్నూర్
26 డిసెంబరు 1986

అన్నకు,

నాకు గోడ వద్దు. ఇల్లు కావాలి.

ఉచితంగా ఇచ్చే రాయిని ఇల్లు లేనివాళ్లు ముట్టుకోరా? ఇది నన్ను నమ్మమంటావా? నువ్వు ఏదో షరతు పెట్టి ఉంటావు. సంఘంలోంచి బయటికి రమ్మన్నావా? వదినకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఆమెను కూడా నోరు విప్పవద్దన్నావేమో.

సంచిక అచ్చయి వచ్చింది. నేను రాసింది రాసినట్టే వేశారు. ఆ చివరి వాక్యం నేను తీయలేదు. ఇల్లు నువ్వు కూల్చినా ఆ ఒక్క వాక్యమైనా మిగులుతుంది. నీకు ఒకటి పంపుతున్నాను. సంఘం పేరు మీద అంతయ్యకు కూడా ఒకటి పోస్టులో వేశాను. "బుచ్చవ్వకు చదివి వినిపించు, ఈ కథ నాకు చెప్పింది ఆమే" అని పైన రాశాను. నీకు లేని మర్యాద అతడికైనా ఉంటుందని నా ఆశ.

దశరథం


పాతరేవు
10 జనవరి 1987

తమ్మీ,

నువ్వు పంపిన సంచిక అంతయ్యకు అందింది. మొన్న సోమవారం పగలు పదకొండు గంటలకు బంగ్లాకు వచ్చాడు. విప్పే కూలీలు కాకుండా, ఆగస్టు తర్వాత ఆ మెట్లెక్కిన మొదటి రేవు మనిషి అతడే. నేను తలుపులేని దర్వాజాలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నా. ఎదురుగా నిలబడి సంచిక తెరిచి నువ్వు రాసిన చివరి వాక్యం చదివాడు. వేలు పెట్టి, మెల్లగా, రెండు సార్లు చదివాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"సావుకారీ, ఆ దినం తలుపు లోపటి నుంచి గొళ్లెం పెట్టి ఉండెనా, ఊకె దగ్గరికేసి ఉండెనా?"

చిన్నప్పటి నుంచి నన్ను అన్నా అని పిలిచేవాడు. ఆ రోజు సావుకారీ అన్నాడు.

"గొళ్లెం పెట్టే ఉండె" అన్నాను.

సంచిక మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

అతడికి చెప్పాక నీకు చెప్పకుండా ఉండటం కుదరదు. చదువు.

గుత్త సంఘానికి పోయిన రోజు రేవులో అంతయ్య పదిమందిలో ఒక మాట అన్నాడు. "ఇగ బంగ్లా మెట్లు ఎక్కే పని లేదు మనకు" అని. చేపలు తెచ్చి మా తక్కెట్లో వేసే పని లేదని దాని అర్థం. నాకు అట్లా వినిపించలేదు. ఏడాది పాటు ఆ మాట కడుపులో పెట్టుకున్నా.

ఆగస్టు పద్నాలుగు, గురువారం. నాలుగు రోజుల నుంచి ఒకటే వాన. పొద్దున కొందరు సామాను నెత్తిన పెట్టుకొని సడక్ మీదికి పోయారు. అంతయ్య సంఘం నావ తీసుకొని, లంకలో చిక్కిన గొల్లవాళ్లను తేవడానికి పోయాడు. మధ్యాహ్నం మూడు గంటలకు గోదారి ఒక్కసారి ఎగదన్నింది. మిగిలినవాళ్లు ముప్పై మంది దాకా మన మెట్ల మీదికి వచ్చారు. నీళ్లప్పుడు నాలుగో మెట్టు మీద ఉన్నాయి.

నేను తలుపుకు గొళ్లెం పెట్టి మేడ కిటికీలో నిలబడ్డా.

బుచ్చవ్వ తట్ట చంకన పెట్టుకొని తల పైకెత్తి అంది: "భూమన్నా, తలుపు తియ్యి బిడ్డా. నీళ్లొస్తున్నయి."

నేను అన్నాను: "మీ సంఘం పెద్దను రమ్మను. ఎక్కం అన్న మెట్లు ఎందుకెక్కిండ్రో ఆయననే అడుగుత. ఆయనొచ్చి అడిగితె తీస్త."

"ఆడు నావ మీద పోయిండు. ఎప్పుడొస్తడో ఎవలకెరుక? నేనడుగుత లేనా బిడ్డా? నేను గాదా అడిగేది?"

నేను నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చూస్తూ నిలబడ్డా.

మీ వదిన వెనక నుంచి వచ్చింది. "తియ్యరాదయ్యా, ముసలోళ్లున్నరు, పిల్లలున్నరు" అని బతిమాలింది. నేను కదలకపోతే తనే కిందికి దిగి గొళ్లెం మీద చెయ్యి వేసింది. నేను వెనకే దిగి ఆమె చెయ్యి పట్టి లాగా. గాజులు పగిలి రక్తం వచ్చింది. ఆమె అక్కడే తలుపుకు ఆనుకొని కూర్చుంది. బయట వాళ్ల మాటలు ఆమెకు వినిపిస్తున్నాయి. నాకూ వినిపిస్తున్నాయి.

వాళ్లు చచ్చిపోవాలని నేను అనుకోలేదు. ఇది నువ్వు నమ్మకపోయినా సరే. ఒక్క మాట అడిగించుకుందామని అనుకున్నా. నీళ్లు ఇంకా పెరిగితే తీద్దామనుకున్నా. పెరిగినప్పుడు ఇంకో మెట్టు చూద్దామనుకున్నా. అరగంట అట్లా గడిచింది. ఏడో మెట్టు మునిగింది.

అప్పుడు వలలు నేసే రాజం అన్నాడు: "తియ్యడు. సడక్ మీదికి పోదాం పా." వల తాడు ఒకటి అందరూ పట్టుకున్నారు. మనకూ సడక్‌కూ నడుమ వాగు ఉంది కదా. అది వెనక్కి తన్ని గోదారిలో కలిసిపోయి ఉంది. నేను మళ్లీ పైకి పోయి కిటికీలోంచి చూశా. నడుములోతున పోతున్నారు. పిలవాలి. గొంతు ఉంది, పిలవలేదు. తిరిగి వస్తారులే అనుకున్నా. వాగు దగ్గర తాడు సగానికి తెగింది.

ముందున్నవాళ్లు సడక్ ఎక్కారు. వెనక ఏడుగురు పోయారు. బుచ్చవ్వ. అంతయ్య భార్య దేవవ్వ. రాజం, అతడి ఇద్దరు ఆడపిల్లలు. చూపులేని లచ్చవ్వ, ఆమె చెయ్యి పట్టుకొని నడిచిన మనవరాలు.

నేను పోయి తలుపు తీశా. మెట్ల మీద ఎవరూ లేరు. నీళ్లు పదో మెట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. నీకు కార్డులో రాసింది అబద్ధం కాదు.

నీళ్లు తీసిన రోజే మీ వదిన కట్టుబట్టలతో సిరోంచ పోయింది. వరద అకస్మాత్తుగా వచ్చిందని కాగితాల్లో రాసుకున్నారు. సడక్ ఎక్కినవాళ్లు బంగ్లా పేరు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి నాతో ఎవరూ మాట్లాడరు. తిట్టరు కూడా.

భూమన్న


ఉట్నూర్
2 ఫిబ్రవరి 1987

ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. అన్నా అని మొదలుపెడదామని నాలుగు సార్లు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఇట్లాగే పంపుతున్నాను.

నీ మరదలు అడిగితే అందరూ బాగున్నారని చెప్పాను. మూడు రోజుల తర్వాత ఆమె నా దిండు కింద నీ ఉత్తరం తీసి చదివింది. అది మా ఇద్దరి దగ్గరే ఉంది.

వకీలుకు రాసి నోటీసు వెనక్కి తీసుకున్నాను.

చనిపోయిన తల్లికి చదివి వినిపించమని కొడుక్కు కాగితం పంపాను. యాభై మూడు వరదలో మేడ మీద మనల కన్న అవ్వకు జ్వరమొస్తే, ఆ ఆరు రోజులు నాకు గట్క తాగించింది బుచ్చవ్వ. నువ్వు అప్పుడు ఇరవై రెండేళ్లవాడివి. బాపు పక్కన నీళ్లలో నిలబడి నువ్వు కూడా పిల్లలను అందించావు. అది నేను చూశాను. ఆ మనిషివీ ఈ మనిషివీ నువ్వేనని అనుకోవడానికి నాకు సాధ్యం కావడం లేదు.

ఒక్కటే చెబుతున్నాను. నాకు రాసింది చెన్నూరు పోయి తహసీల్దారు ముందు చెప్పు. కాగితాల్లో అబద్ధం ఉండకూడదు. చెప్పాక జవాబు రాయి. చెప్పకపోతే రాయవద్దు.

దశరథం


పాతరేవు
16 ఏప్రిల్ 1987

తమ్మీ,

చెప్పాను. అందుకే రాస్తున్నా.

మూడు సార్లు చెన్నూరు పోతే మూడోసారి సాబు దొరికాడు. మంచి మనిషి. కుర్చీ వేయించాడు. అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: "పెద్దమనిషీ, నీ ఇంటి తలుపు నువ్వు తియ్యకపోతే ఏం కేసు పెట్టమంటవు? పోలీసుల దగ్గరికి పోయినా ఇదే చెప్తరు. పోయి దేవునికి మొక్కుకో."

పోలీసుల దగ్గరికి కూడా పోయా. అక్కడా అదే చెప్పారు. తన ఇంటి తలుపు తాను తీయకపోవడం నేరం కాదట. జమేదారు నాకు చాయ్ తాగించి బస్సు ఎక్కించాడు.

ఉగాది తర్వాత ఆదివారం రేవులో సంఘం మీటింగు పెట్టుకున్నారు. పిలవకపోయినా పోయా. నీకు రాసిందంతా నిలబడి చెప్పా. మీ వదిన చెయ్యి సంగతి కూడా చెప్పా. రాజం భార్య కొంగు నోట్లో కుక్కుకొని లేచిపోయింది. మిగిలినవాళ్లు నేల చూస్తూ కూర్చున్నారు. నన్ను కొడతారనుకున్నా. కొడితే బాగుండేది. ఎవరూ లేవలేదు.

చివరికి అంతయ్య మాట్లాడాడు.

"మాకు ఇదంతా ఎరుకే. మెట్ల మీద ఉన్నోళ్లు బతికొచ్చి ఆ దినమే చెప్పిండ్రు. నీ నోట్లకెల్లి రావాలని ఊకున్నం."

"రాళ్లన్నా తీసుకోండి" అన్నాను.

"మీ రాళ్లు మాకొద్దు. మీరు బంగ్లాలనే ఉండుండ్రి. ఇగ ఇప్పకుండ్రి." మళ్లీ అన్నాడు: "మీ తమ్ముడు ఆ ఇంటి కథ రాసిండు గదా. సగమే రాసిండు. మిగిలింది గూడ రాయమను. పేర్లతోని రాయమను. మా పిల్లలు సదువుకుంటున్నరు. రేపు వాళ్లు సదివితె ఏం దెలవాలె?"

నేను ఒప్పుకున్నా. నీ తరఫున ఒప్పుకునే హక్కు నాకు లేదు. అయినా ఒప్పుకున్నా.

విప్పే పని ఆపేశా. మేడ లేని ఇల్లు, తలుపు లేని దర్వాజా. కుక్కలు, మేకలు వచ్చి పోతున్నాయి.

భూమన్న


ఉట్నూర్
5 జూన్ 1987

అన్నకు,

కర్రతో నడుస్తున్నాను. కాలు కొంచెం పొట్టి అయింది.

అంతయ్య అడిగింది రాశాను. నేను అనుకున్నంత తేలిక కాలేదు. పదకొండు సార్లు చింపాను. సంచిక పంతుళ్లు ముందు వద్దన్నారు. అన్న పరువు తీస్తావా అన్నారు. నేను గట్టిగా పట్టుబడితే, మళ్లీ వేసే సంచికలో ముందు రాసినదాని పక్కనే ఇది కూడా వేస్తామని ఒప్పుకున్నారు. అచ్చుకు ఇచ్చే ముందు నీకు పంపుతున్నాను. ముఖ్యమైన భాగం ఇది:

"ఈ ఇంటి తలుపు ఏ వరదలోనూ మూసుకోలేదని ఇంతకుముందు నేను రాసినది తప్పు. 1986 ఆగస్టు 14న పాతరేవు గంగపుత్రులు ముప్పై మంది ఈ మెట్ల మీదికి వచ్చినప్పుడు, రేవు గుత్త విషయంలో మనస్పర్థల వల్ల నా అన్న భూమన్న తలుపు తెరవలేకపోయాడు. వాళ్లు సడక్ మీదికి పోతూ వాగులో చిక్కుకోగా ఏడుగురు మరణించారు. వారు బుచ్చవ్వ, దేవవ్వ, రాజం..."

రాజం పిల్లల పేర్లు, లచ్చవ్వ మనవరాలి పేరు నాకు తెలియవు. ఖాళీ వదిలాను. అంతయ్యను అడిగి నింపు. తప్పులుంటే దిద్దు.

వదిన నుంచి ఒక కార్డు వచ్చింది. "అంతా ఆయనే చెప్పిండా?" అని ఒక్క మాట రాయించింది. చెప్పాడని జవాబు రాశాను.

వానలు మొదలయ్యాయి. అక్కడ ఎట్లా ఉంది?

నీ తమ్ముడు
దశరథం


పాతరేవు
19 జూన్ 1987

తమ్ముడికి భూమన్న దీవెనలు.

కాగితం అందింది. అంతయ్య కొత్త ఇంటికి తీసుకుపోయా. గోడలు లేచాయి, కప్పు పడలేదు. లోపలికి రమ్మనలేదు. బయట రాయి మీద కూర్చొని చదివి వినిపించా. మొత్తం విన్నాడు.

పేర్లు: రాజం పెద్ద బిడ్డ పోసవ్వ, పదకొండేళ్లు. చిన్నది మల్లు, ఏడేళ్లు. లచ్చవ్వ మనవరాలు నర్సు. దాని వయసు ఎవరికీ సరిగా తెలియదు. బుచ్చవ్వ ఇంటిపేరు కూడా వెయ్యమన్నాడు. సుంకరి.

మనస్పర్థలు అని రాశావు. వాళ్లకు నా మీద ఏమీ లేదు. ఉన్నది నాకే. ఆ మాట కొట్టేశా.

ఇంకొకటి. "తెరవలేకపోయాడు" అని రాశావు. అది చదివినప్పుడు అంతయ్య నా ముఖం చూశాడు. నాకు చేతులున్నాయి. గొళ్లెం నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. పక్కన మీ వదిన తీయమని ఏడుస్తున్నది.

"తెరవలేదు" అని రాయి.

భూమన్న